ప్లీహం చిట్లిన పిల్లలకు కత్తి పెట్టకుండా వైద్యం: కర్నూలు వార్డు అనుభవం

వేసవి సెలవులొచ్చాయంటే కర్నూల్లో పిల్లల సర్జరీ వార్డుకు ఒక తరహా కేసులు వరసకడతాయి. మిద్దె మీద ఆడుతూ కింద పడినవాడు, చింతకాయలకని ఎక్కితే కొమ్మ విరిగినవాడు, సైకిల్ హ్యాండిల్ కడుపులో పొడుచుకున్నవాడు, ఆటో బోల్తా పడితే కింద చిక్కుకున్న పాప, ఎద్దు కుమ్మిన పిల్లోడు. ఆదోని, ఆలూరు, పత్తికొండ, ఆత్మకూరు నుంచి సరే, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. ఒంటి మీద చూస్తే ఎడమ పక్కటెముకల దగ్గర చిన్న గీరుడు ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. లోపల ప్లీహం చిట్లి కడుపులోకి రక్తం కారి ఉంటుంది. ఇలాంటి పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఆపరేషన్ లేకుండానే బాగవుతారు. అలా బాగవడానికి వార్డులో ఎంత పని జరగాలో బయటివాళ్లకు కనబడదు. ఆ పనేంటో, ఎక్కడ తేడా వస్తుందో రాస్తున్నాను. ఊళ్లో మొదట చూసే డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, హౌస్‌సర్జన్లకు ఎక్కువ పనికొస్తుంది. తల్లిదండ్రులు చదివినా ఇబ్బంది లేదు.

ప్లీహం ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల చాటున ఉంటుంది. "కడుపులో బల్ల పెరిగింది" అంటారే, పెరిగేది ఎక్కువగా ఇదే. పెద్దవాళ్లలో ఎముకలు విరిగైనా దెబ్బను కొంత ఆపుతాయి. పిల్లల పక్కటెముకలు బెత్తంలా వంగి మళ్లీ లేస్తాయి, దెబ్బంతా లోపలికి పోతుంది. కాబట్టి ఎక్స్‌రేలో ఎముక విరగలేదని ధైర్యపడకూడదు. అయితే పిల్లల ప్లీహానికి ఒక మేలు కూడా ఉంది. దాని పైపొర మందంగా ఉంటుంది, తెగిన నాళాలు గట్టిగా ముడుచుకుంటాయి, చీలికలు చాలాసార్లు నాళాల వరసనే పోతాయి కాబట్టి పెద్ద నాళం తెగడం తక్కువ. మన దగ్గరికొచ్చేసరికి చాలామందిలో కారడం దానంతటదే ఆగిపోయి ఉంటుంది. మలేరియాతోనో తలసీమియాతోనో ముందే వాచిన ప్లీహమైతే ఈ లెక్క కుదరదు, చిన్న దెబ్బకే పగులుతుంది. దెబ్బకూ గాయానికీ పొంతన లేకపోతే జ్వరం సంగతి అడగాలి, మలేరియా చూడటానికి రక్తపు స్మియర్ పంపాలి.

ఒకప్పుడు చిట్లిందంటే తీసెయ్యడమే పద్ధతి. తీసేస్తే ఏ నష్టమూ లేదని కోకర్ అంతటి సర్జనే నమ్మాడు. 1952లో అమెరికాలో కింగ్, షూమాకర్ అనే ఇద్దరు, పసితనంలో ప్లీహం తీసిన పిల్లలకు ప్రాణం మీదికొచ్చే ఇన్‌ఫెక్షన్లు వస్తున్నాయని బయటపెట్టారు. ఆ తర్వాత 1968లో టొరంటో పిల్లల ఆసుపత్రి అనుభవాన్ని ఉపాధ్యాయ, సింప్సన్ ప్రచురించారు. కొందరు పిల్లలకు ఆపరేషన్ చెయ్యకపోయినా ప్లీహం మానిందన్నది అందులో ముఖ్య సంగతి. ఆ పురుషోత్తం ఉపాధ్యాయ ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేసిన మన దేశపు సర్జన్. కోతుల్లో ప్రయోగం చేసి ప్లీహం గాయం ఎలా మానుతుందో కూడా చూపించారు. ఇప్పుడు ప్రపంచమంతా పాటించే పద్ధతికి మనవాడి చెయ్యి ఉందని పీజీలకు ఎవరూ చెప్పరు, అదొక బాధ.

ఇక పని. పిల్లవాడు క్యాజువాలిటీకి రాగానే ముందు చూసేది నాడి, చేతులు కాళ్లు చల్లగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగొస్తోందా అన్నవి. బీపీ తర్వాత. కారణం లెక్కలో ఉంది. పిల్లల్లో కిలోకు సుమారు 80 మి.లీ. రక్తం ఉంటుంది. ఆరేళ్ల పిల్లాడు 20 కిలోలు అనుకుంటే మొత్తం 1600 మి.లీ. ఇందులో నాలుగో వంతు పోయినా పిల్లల నాళాలు బిగుసుకుని బీపీని నిలబెట్టేస్తాయి. బీపీ పడిపోయిందంటే అప్పటికే దాదాపు అర లీటరు పోయిందని అర్థం, ఇంక మన చేతిలో నిమిషాలే ఉంటాయి. పై బీపీ కనీసం 70కి వయసు రెట్టింపు కలిపినంత ఉండాలి. ఆరేళ్లకు 82. అంతకు తగ్గేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. ఇంకో సులువైన కొలత, నాడిని పై బీపీతో భాగించడం. 4 నుంచి 6 ఏళ్లకు 1.22, 7 నుంచి 12 ఏళ్లకు 1, 13 నుంచి 16 ఏళ్లకు 0.9 దాటితే ఈ పిల్లవాణ్ని కదలనివ్వొద్దని గుర్తు.

"ఏడుస్తున్నాడు సార్, అందుకే నాడి 140 ఉంది" అన్న మాట ప్రతి షిఫ్టులో వినబడుతుంది. నిజమే కావచ్చు. నొప్పికి మందు ఇచ్చి, తల్లిని పక్కన కూర్చోబెట్టి, పావుగంటాగి మళ్లీ లెక్కపెట్టాలి. నిద్రలో కూడా 130, 140 ఉంటే అది ఏడుపు వల్ల వచ్చింది కాదు. పడుకోబెడితే ఎడమ భుజం నొప్పి అంటున్నాడా అని అడగాలి. భుజానికి దెబ్బ లేకుండా అక్కడ నొప్పి ఉంటే డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర) కింద రక్తం చేరినట్టు. చిన్నపిల్లలు చెప్పలేరు, ఆ చెయ్యి మాత్రం కదలనివ్వరు.

రెండు చేతులకూ ఐవీ పెట్టాలి. 20 గేజ్ దొరికితే మంచిది, లేకపోతే 22. నరం దొరక్క పది నిమిషాలు గుచ్చుతూ ఉండటం కంటే కాలి ఎముకలోకి సూది పెట్టడం మేలు. అదే సూదితో గ్రూపు, క్రాస్‌మ్యాచ్, సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్, అమైలేజ్ శాంపిళ్లు తీసేయాలి. రింగర్ లాక్టేట్ కిలోకు 20 మి.లీ. ఒక్కసారి. దాంతో నాడి దిగిరాకపోతే రెండో సీసా తగిలించొద్దు, రక్తం తెప్పించాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, బ్లడ్ బ్యాంక్ నుంచి బ్యాగు వచ్చేలోపు సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తారు. రక్తం పలచబడుతుంది, గడ్డకట్టే గుణం పోతుంది, ఏసీ గదిలో చల్లటి సెలైన్‌తో ఒళ్లు చల్లబడుతుంది. ఆగిన కారడం మళ్లీ మొదలవుతుంది. ప్యాక్డ్ సెల్స్ (ఎర్రకణాల బ్యాగు) కిలోకు 10 నుంచి 20 మి.లీ. ఎక్కిస్తాం. దెబ్బ తగిలి మూడు గంటలు దాటకపోతే, షాక్ ఉంటే, కట్టిన గడ్డ కరగకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ కిలోకు 15 మి.గ్రా., గరిష్ఠంగా ఒక గ్రాము, పది నిమిషాల్లో ఇస్తాం.

దూరం నుంచి పంపేవాళ్లకు ఒక మనవి. ఆలూరు నుంచో శ్రీశైలం నుంచో 108లో ఎక్కించేముందు రెండు ఐవీలు పెట్టి, పంపే కాగితం మీద దెబ్బ తగిలిన టైమూ మొదటి నాడీ బీపీలూ రాసి, ఒక ఫోన్ చెయ్యండి. మొదటి నాడి ఎంతో తెలిస్తే ఇక్కడ సగం తీర్పు అయిపోతుంది. నొప్పికని డైక్లోఫెనాక్ సూది మాత్రం వెయ్యొద్దు. ఊళ్లో కడుపునొప్పి అనగానే పిరుదుకు వేసే సూది అదే. ప్లేట్‌లెట్ల పని దెబ్బతీస్తుంది, కారుతున్న చోట ఆ ప్లేట్‌లెట్లే చివరి ఆసరా. ఐబుప్రొఫెన్ సిరప్ కూడా వద్దు. పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. ఆరు గంటలకోసారి చాలు, చాలకపోతే ఇక్కడ కొద్ది మోతాదులో ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా మందు) ఇస్తాం. నొప్పి మందిస్తే కడుపు పరీక్షలో గుర్తులు దాగిపోతాయన్న పాత భయం వదిలేయాలి. నొప్పి తగ్గిన పిల్లవాడే కడుపు మెత్తగా ఇచ్చి పరీక్ష చెయ్యనిస్తాడు.

పడక దగ్గర చేసే అల్ట్రాసౌండ్‌లో ప్లీహం చుట్టూ, కాలేయం కింద, పొత్తికడుపులో, గుండె చుట్టూ చూస్తాం. నల్లగా ద్రవం కనబడితే రక్తం. కనబడకపోతే గాయం లేదని చెప్పలేం. అప్పుడే గడ్డకట్టిన రక్తం ప్లీహం రంగులోనే కనబడి కలిసిపోతుంది, లోపలే ఉన్న గాయానికి బయట ద్రవం ఉండదు. పిల్లవాడు నిలకడగా ఉంటేనే సీటీకి పంపాలి. నాడి 150 ఉన్నవాణ్ని సీటీ గదికి తోసుకుపోతే ఏమన్నా అయితే అక్కడ చెయ్యగలిగింది తక్కువ.

సీటీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, బయటినుంచి తెచ్చే ఫిల్ముల్లో సగం తలనొప్పి ఇక్కడే. కాంట్రాస్ట్ (నాళాలు స్పష్టంగా కనబడేలా ఇచ్చే మందు) లేకుండా తీసిన సీటీలో ప్లీహం చీలిక కనబడకపోవచ్చు. చుట్టూ రక్తం కనబడుతుంది, చీలిక ఎంత లోతో తెలీదు, మళ్లీ తీయాల్సి వస్తుంది. పిల్లవాడికి రేడియేషన్ రెండుసార్లు, ఇంట్లోవాళ్లకు ఖర్చు రెండుసార్లు. కాంట్రాస్ట్ కిలోకు 2 మి.లీ. వరకు నరంలోకి ఇచ్చి, సుమారు 60 నుంచి 70 సెకన్లకు తియ్యాలి. తాగించే కాంట్రాస్ట్ అక్కర్లేదు, వాంతి తప్ప ఒరిగేదేమీ లేదు. మరీ తొందరగా, ధమనుల దశలో తీస్తే మామూలు ప్లీహం కూడా చారలు చారలుగా కనబడుతుంది. దాన్ని చూసి "ముక్కలైపోయింది" అని రిపోర్టు రాసిన సందర్భాలున్నాయి. కొందరి ప్లీహానికి పుట్టుకతోనే అంచున గాడి ఉంటుంది. గాడి అంచులు నున్నగా ఉంటాయి, పక్కన రక్తం ఉండదు. చీలిక అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి.

సీటీ చూసి గ్రేడ్ వేస్తారు, 1 నుంచి 5 దాకా. చీలిక లోతు ఒక సెంటీమీటరు లోపైతే గ్రేడ్ 1, ఒకటి నుంచి మూడు అయితే 2, మూడు దాటితే 3. పైపొర కింద చేరిన రక్తం ఉపరితలంలో పదో వంతు లోపా, సగం లోపా, సగం దాటిందా అన్నదీ చూస్తారు. పెద్ద నాళం తెగి పాతిక శాతం పైగా ప్లీహానికి రక్తం అందకపోతే 4, పూర్తిగా ముక్కలైతే 5. 2018లో మార్చిన పద్ధతిలో, రక్తం కారడం ప్లీహం పైపొర లోపలే ఉంటే 4, పొర దాటి కడుపులోకి పోతుంటే 5.

ఈ అంకెను చూసి ఎవరూ ఆపరేషన్‌కు పరిగెత్తకూడదు. గ్రేడ్ 4 ఉన్న పిల్లలు కూడా నాడి నిలకడగా ఉంటే ఎక్కువమంది ఆపరేషన్ లేకుండానే మానతారు. గ్రేడ్ 2 ఉండి నాడి దిగిరానివాడి దగ్గరే భయం. సీటీలో తెల్లటి మచ్చ, అంటే కాంట్రాస్ట్ బయటికి చిమ్ముతున్నట్టు కనబడినా పెద్దవాళ్లలోలాగా వెంటనే ఏదో చెయ్యాలని లేదు. పిల్లవాడు నిలకడగా ఉంటే కనిపెట్టి ఉండటమే. కాథెటర్ పంపి నాళాన్ని మూసే పద్ధతి పిల్లల్లో చాలా కొద్దిమందికే అవసరం పడుతుంది. కారుతూనే ఉంది, కానీ రక్తం ఎక్కిస్తే కాస్త నిలబడుతున్నాడు అన్నవాడికి అది పనికొస్తుంది. ఆ సౌకర్యం కోసం హైదరాబాద్ పంపాలంటే 200 కిలోమీటర్ల పైన రోడ్డు. నిలబడనివాణ్ని ఆ రోడ్డు ఎక్కించొద్దు, ఇక్కడే థియేటర్‌కు తీసుకుపోవాలి.

వార్డులో మొదటి 24 గంటలూ నర్సు చేతిలోని చార్టే మా వైద్యం. గంటకోసారి నాడి, బీపీ, శ్వాస, మూత్రం. మూత్రం గంటకు కిలోకు ఒక మి.లీ. రావాలి. సీబీసీ ఆరు గంటలకోసారి, వరసగా రెండు మూడు ఒకేలా వచ్చేదాకా. బొడ్డు దగ్గర టేపు పెట్టి కడుపు చుట్టుకొలత రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. నాకు దాని మీద నమ్మకం లేదు. గాలి ఉబ్బినా పెరుగుతుంది, టేపు రెండు వేళ్లు జరిగినా పెరుగుతుంది. అంతకంటే షిఫ్టు మారేటప్పుడు వెళ్లే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ కలిసి ఒక్కసారి నాడి లెక్కపెట్టడం మేలు. 104, 108, 112, 118, 126 అని మెల్లగా ఎక్కిన నాడిని రెండు షిఫ్టులవాళ్లు విడివిడిగా చూస్తే ఎవరికీ తప్పు కనబడదు. గీత గీస్తే కనబడుతుంది. అందుకే అంకెలు రాయడంతో ఆపకుండా గ్రాఫు గీయమంటాం.

హిమోగ్లోబిన్ చదవడంలో కూడా మెలకువ ఉంది. మొదటి శాంపిల్ మామూలుగా వచ్చిందని సంతోషించకూడదు. పోయిన రక్తంలో కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కాబట్టి మిగిలినదాని చిక్కదనం మారదు. సెలైన్ ఎక్కాకే అంకె పడుతుంది. ఇంకోవైపు మన పల్లెల పిల్లల్లో రక్తహీనత ఎక్కువ, దెబ్బ తగలకముందే 9 ఉన్నవాళ్లు బోలెడు మంది. వాళ్లకు 8.5 వచ్చిందని కంగారుపడి రక్తం ఎక్కించనక్కర్లేదు. నాడి బాగుంటే 7 దాకా ఆగొచ్చు. 7 కంటే తగ్గినా, లేదా అంకె ఎంతున్నా నాడి పెరిగి ఒళ్లు చల్లబడుతున్నా ఎక్కించాలి. ఎక్కించాక అంకె పెరిగి అక్కడే నిలబడిందా, ఆరు గంటల్లో మళ్లీ పడిందా అన్నదే అసలు ప్రశ్న.

మంచం మీదే పడుకోవాలని రోజుల తరబడి కట్టిపడేయడం పాత పద్ధతి. 2000లో అమెరికా పిల్లల సర్జన్ల సంఘం ఇచ్చిన సూచనల్లో గ్రేడ్‌కు ఒకటి కలిపినన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచమన్నారు. ఆ తర్వాత గ్రేడ్‌ను పక్కనబెట్టి పిల్లవాడి స్థితిని బట్టే నిర్ణయించమంటున్నారు. నాడి నిలకడగా, రక్తం నిలకడగా ఉంటే లేచి బాత్రూమ్‌కు నడవొచ్చు, తినొచ్చు. మొదట్లో కొన్ని గంటలు నోటికి ఏమీ ఇవ్వం, థియేటర్ అవసరం పడుతుందేమోనని. ఆ తర్వాత నీళ్లు, గంజి, ఇడ్లీ. మలబద్ధకం రానివ్వొద్దు, రెండో రోజు నుంచే లాక్టులోజ్ మొదలుపెడతాం. ఇంటికి పంపే విషయంలో మాత్రం నేను పుస్తకం కంటే ఒక రోజు ఎక్కువే ఉంచుతాను. ఊరు 100 కిలోమీటర్లు ఉండి, రాత్రి బండి దొరకని తండా అయితే పెద్ద పట్టణాల లెక్కలు ఇక్కడ పనిచెయ్యవు.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటం ఇందులో సగం పని. "ఏం సార్, కడుపులో రక్తం ఉందంటారు, ఆపరేషనేమో చెయ్యరు, ఉత్తగానే పండబెట్టినారు?" అని వాళ్ల నాయన అడుగుతాడు. అడగడంలో తప్పులేదు. "ఆ రక్తం దానంతటదే ఇంకిపోతుందప్పా. కోసి చూస్తే, కట్టుకున్న గడ్డ ఊడి మళ్లీ కారుతుంది. నాడి ఎక్కితే ఈ రాత్రికే థియేటర్‌కు తీసుకుపోతాం, అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాం" అని చెబుతాం. ఆ "అన్నీ సిద్ధంగా" అన్నది నిజమై ఉండాలి. రెండు యూనిట్ల రక్తం క్రాస్‌మ్యాచ్ అయి పక్కన ఉండాలి, మత్తు డాక్టరుకు ముందే చెప్పి ఉండాలి, సమ్మతి పత్రం మీద సంతకం ఉండాలి. ఇవి లేని చోట ఆపరేషన్ లేకుండా ఉంచడం వైద్యం అనిపించుకోదు. అలాంటప్పుడు పిల్లవాడు నిలకడగా ఉండగానే పెద్దాసుపత్రికి పంపేయాలి. పొద్దున కాస్త ఆడుకోగానే "బాగయినాడు, తీసుకుపోతాం" అని అవ్వ మూట కట్టేస్తుంది. అప్పుడు ఇంకోసారి కూర్చుని చెప్పాలి. యాక్సిడెంట్ కేసైతే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయడం, పోలీసులకు తెలియజేయడం మామూలే, దానికి భయపడి దెబ్బ ఎలా తగిలిందో దాచొద్దని కూడా అప్పుడే చెబుతాం. ఆడుకుంటూ పడ్డాడన్న కథకూ ఒంటి మీది గుర్తులకూ పొంతన లేకపోతే పిల్లవాణ్ని ఎవరైనా కొట్టారేమో చూడాలి. అడగడానికి మొహమాటపడకూడదు.

మూడు నాలుగు రోజులు 38 డిగ్రీల దాకా చిన్న జ్వరం, ఇంకుతున్న రక్తం వల్ల కళ్లు కాస్త పచ్చబడటం, ఎడమ ఊపిరితిత్తి కింద కొద్దిగా నీరు, ఇవి వస్తాయి, పోతాయి. వాటికి యాంటీబయోటిక్ అక్కర్లేదు, సూది పెట్టి నీరు తియ్యనక్కర్లేదు. మోసం చేసేది పేగు. సైకిల్ హ్యాండిల్ దెబ్బలో, సీటు బెల్టు గుర్తు ఉన్నవాళ్లలో ప్లీహం గాయం పక్కనే పేగుకు చిల్లు ఉండొచ్చు. మొదటి రోజు సీటీలో గాలి కనబడకపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో నొప్పి తగ్గాల్సింది పెరుగుతుంది, కడుపు గట్టిపడుతుంది, జ్వరం ఎక్కుతుంది, హిమోగ్లోబిన్ మాత్రం పడదు. నాడి పెరిగి హిమోగ్లోబిన్ పడకపోతే ప్లీహాన్ని వదిలి పేగు గురించి, క్లోమం తోక గురించి ఆలోచించాలి. రోజుకు రెండుసార్లు ఒకే డాక్టరు కడుపు మీద చెయ్యి పెట్టి చూడాలన్నది అందుకే. రోజుకో చెయ్యి పడితే తేడా తెలీదు.

ఎప్పుడు ఆగి థియేటర్‌కు పోవాలి? రక్తం కిలోకు 40 మి.లీ. ఎక్కినా నిలబడకపోతే. 20 కిలోల పిల్లాడికి 800 మి.లీ. అన్నమాట, అతని ఒంట్లోని రక్తంలో సగం. అక్కడిదాకా ఆగాలని కూడా లేదు. మొదటి బ్యాగు ఎక్కుతుండగానే బీపీ పడుతుంటే పోవాల్సిందే. తలకు దెబ్బ తగిలి స్పృహలో లేడన్న ఒక్క కారణంతో కడుపు కొయ్యక్కర్లేదు, కానీ అలాంటివాడికి బీపీ పడటం మెదడుకు రెండో దెబ్బ, కాబట్టి ఓపిక తక్కువ పట్టాలి.

పొట్ట తెరిచినా ప్లీహం తీసెయ్యడం చివరి మాట. మధ్యలో కోసి, నాలుగు మూలలా ప్యాకులు పెట్టి, ఎడమ చెయ్యి ప్లీహం వెనక్కి పోనిచ్చి, మూత్రపిండం వైపు కట్టును విడదీసి మొత్తం గాయం ముందుకు తెచ్చుకోవాలి. లోతులో ఉండగానే కుట్టడానికి ప్రయత్నిస్తే చీలిక పెద్దదవుతుంది. మూలం దగ్గర నాళాలను వేళ్లతో నొక్కి పట్టుకుంటే కారడం ఆగుతుంది, తీరిగ్గా చూడొచ్చు. అలా పట్టేటప్పుడు క్లోమం తోక అక్కడే ఉంటుందని గుర్తుండాలి, గుడ్డిగా క్లాంప్ వేస్తే అది నలిగి తర్వాత వారం రోజులు కారుతుంది. పైపైన కారుతుంటే రక్తం ఆపే సర్జిసెల్, జెల్‌ఫోమ్ పెట్టి ఐదు నిమిషాలు గడియారం చూసి నొక్కడం చాలు. చీలికైతే గుండ్రటి సూదితో 3-0 విక్రిల్ మాట్రెస్ కుట్లు. ఒట్టి దారం బిగిస్తే పొరను కోసేస్తుంది కాబట్టి కింద ఓమెంటం (పేగుల మీది కొవ్వు పొర) ముక్కో జెల్‌ఫోమో పెట్టి, ఆనీ ఆననట్టు ముడి వెయ్యాలి. ఒక కొస మొత్తం పాడైతే దానికిపోయే నాళాన్ని కట్టేసి, రంగు మారిన గీత చూసుకుని ఆ భాగం మాత్రమే తీస్తాం. రోగాలను ఎదుర్కొనే శక్తి మిగలాలంటే కనీసం పావు నుంచి మూడో వంతు, నాళంతో సహా ఉండాలి. చాలాచోట్ల పైపొర లేచిపోతే కరిగే మెష్‌తో చుట్టి కొంచెం బిగించొచ్చు. ప్లీహం ముక్కలు ఓమెంటంలో నాటడం కొందరు చేస్తారు. అవి బతికినా ఇన్‌ఫెక్షన్‌ను ఆపుతాయన్న భరోసా లేదు, కాబట్టి టీకాలు మానెయ్యకూడదు. పిల్లవాడు చల్లబడి, రక్తం గడ్డకట్టకుండా, ఇంకోచోట కూడా కారుతుంటే ఈ పనులేవీ పెట్టుకోకూడదు. తీసేసి బయటికి రావాలి, ప్రాణం ముందు.

తీసేసినవాళ్ల కథ అక్కడ మొదలవుతుంది. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ లాంటి పొర ఉన్న బ్యాక్టీరియాను రక్తంలోంచి వడగట్టేది ప్లీహమే. అది లేకపోతే పొద్దున జ్వరం, సాయంత్రానికి షాక్ అన్నట్టు నడుస్తుంది. అలా వచ్చినవాళ్లలో సగం మంది దాకా చనిపోతారు. ఐదేళ్ల లోపు పిల్లలకు, ఆపరేషన్ అయిన మొదటి రెండేళ్లలో ప్రమాదం ఎక్కువ, కానీ జీవితాంతం పూర్తిగా పోదు. అందుకని ఆపరేషన్ అయిన 14 రోజులకు న్యుమోకాకల్ కాంజుగేట్, హిబ్, మెనింగోకాకల్ టీకాలు, ఎనిమిది వారాల తర్వాత 23 రకాల న్యుమోకాకల్ టీకా, అది ఐదేళ్లకు మళ్లీ ఒకసారి, ఏటా ఫ్లూ. మళ్లీ వస్తారో రారో అనిపిస్తే ఇంటికి పంపేముందే వేసేయాలి. ఇప్పుడు ప్రభుత్వ టీకాల్లో పెంటావాలెంట్‌లో హిబ్ ఉంది, న్యుమోకాకల్ 2021లో దేశమంతా వచ్చింది. మెనింగోకాకల్ మాత్రం కొనాలి. పెద్ద పిల్లల టీకా కార్డులో ఇవన్నీ ఉండకపోవచ్చు, చూడకుండా "వేయించే ఉంటారు" అనుకోవద్దు. పెన్సిలిన్ వి మూడేళ్ల లోపు 125, ఆపైన 250 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, కనీసం ఐదేళ్ల వయసు నిండేదాకా, ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది. అది దొరకనప్పుడు అమాక్సిసిలిన్ ఇస్తున్నాం. జ్వరమొస్తే ఇంట్లో ఉంచిన మొదటి డోసు వేసి వెంటనే ఆసుపత్రికి రావాలి, "రేపు చూద్దాం" పనికిరాదు. కుక్క కరిస్తే రేబిస్ టీకాతో పాటు యాంటీబయోటిక్ కూడా కావాలి. మలేరియా వీళ్లకు తీవ్రంగా వస్తుంది, దోమతెర తప్పనిసరి. ప్లీహం లేదని ఒక కార్డు రాసిచ్చి బడి సంచిలో పెట్టిస్తాం.

ప్లీహం నిలిచినవాళ్లకు ఈ అదనపు టీకాలూ పెన్సిలినూ ఏమీ అక్కర్లేదు. ఇంటికి పంపేటప్పుడు గ్రేడ్‌కు రెండు కలిపినన్ని వారాలు ఆటలు మానమంటాం, గ్రేడ్ 3 అయితే ఐదు వారాలు. "బరువు పని వద్దు" అంటే పిల్లలకు అర్థం కాదు. కబడ్డీ వద్దు, సైకిల్ వద్దు, చెట్టెక్కొద్దు, కేసీ కాలువలో దూకొద్దు, తమ్ముడితో కొట్లాట వద్దు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి. బడికి పోవచ్చు, సంచి వేరేవాళ్లు మొయ్యాలి. ఇంటికి బైకు మీద ముగ్గురి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవద్దు, బస్సైనా కారైనా నయం. కొత్తగా కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, కళ్లు తిరగడం, మొహం పాలిపోవడం, ఆగని వాంతులు ఉంటే రాత్రయినా రావాలి. ఆలస్యంగా పగలడం పిల్లల్లో చాలా అరుదు, వస్తే ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే.

మళ్లీ స్కాన్ ఎప్పుడని అందరూ అడుగుతారు. చిన్న గ్రేడ్‌లకు అక్కర్లేదు. గ్రేడ్ 4, 5 వాళ్లకు, లేదా నొప్పి తగ్గనివాళ్లకు నాళంలో ఉబ్బు ఏమన్నా వచ్చిందేమోనని డాప్లర్ అల్ట్రాసౌండ్ చేస్తాం, సీటీ మళ్లీ తీయం. పెద్ద గాయాల గీత మూడు నెలల తర్వాత కూడా స్కాన్‌లో కనబడుతుంది, దాన్ని చూసి ఆటలు ఇంకా ఆపాల్సిన పనిలేదు.